ప్యాకెట్ మీద అమ్మమ్మ బొమ్మ.. చేసినామె చదవలేని లేబుల్!

సకినం తయారయ్యేది కడాయిలో కాదు, గుడ్డ మీద. నానబెట్టిన బియ్యం పట్టించి, ఆ తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలుపుతరు. వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ, పరిచిన గుడ్డ మీద చుట్లు చుట్లుగా తిప్పుతరు. గుడ్డ కాస్త తడి పీల్చుకున్నాకే నూనెలోకి. సంక్రాంతి ముందు మా నల్గొండ వైపు ఒకరింట్లో సకినాలంటే వాడకట్టంతా వచ్చి చెయ్యి వేయాల్సిందే. అందుకే ఏ రెండు సకినాలూ ఒక్కలా ఉండవు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే ప్యాకెట్లు చూడండి. గోధుమరంగు కవరు, కళ్లద్దాల అమ్మమ్మ బొమ్మ, పక్కన 'ఆథెంటిక్', 'ట్రెడిషనల్'. అదే అమ్మమ్మ పచ్చడి సీసా మీద, నెయ్యి డబ్బా మీద కూడా! మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని టెంప్లేట్ అంటాం. పేరు మారిస్తే చాలు, ఏ రాష్ట్రం సరుకైనా సరిపోతది. మనం గరిజెలు అనేవాటికి 'కజ్జికాయలు' స్టిక్కర్ పడుతది. మురుకుల్ని మడుగులు అనే ఇళ్లు ఇంకా ఉన్నాయని ఆ డిజైనర్‌కు ఎవరు చెప్పాలె?

నాకు ఇంతకన్నా గుచ్చుకునేది ఇంకోటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్స్ ప్రకారం సరుకు పేరు, ఏమేం కలిపారు, తయారీ తేదీ, గడువు లాంటి తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలె. వేరే భాష అదనంగా పెట్టుకోవచ్చు, అడ్డేం లేదు. అంటే తెలుగు లేకపోయినా తప్పు కాదు. మహబూబ్‌నగర్ పల్లెలో, తెలుగు చక్కగా చదవగలిగే ఒక అక్క చుట్టిన సకినం, ఆమె చదవలేని ప్యాకెట్‌లో హైదరాబాద్ చేరొచ్చు. దాని మీద తన ఊరి పేరుందో లేదో కూడా ఇంకొకర్ని అడగాలె.

ఊరి పేరుకు విలువ లేదా అంటే ఉంది. పోచంపల్లి చీరకు ఊరే బ్రాండ్. మన బాలానగర్ పేరు సీతాఫలం రకంగా దేశమంతా తెలుసు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. మన చిరుతిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఊరు మాయం.

అన్నట్టు, ఈసారి కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలనేదీ రూలే. ముందువైపు కథ ఎంత తియ్యగా ఉన్నా, ఏ నూనెలో వేయించారో వెనకే తెలుస్తది.

డిజైన్ చేసే దోస్తులకు ఒక మాట. ఆ అమ్మమ్మ బొమ్మ తీసేసి, అక్కడ కవరును పారదర్శకంగా వదలండి. వంకర చుట్లు కనబడనీయండి. కింద తెలుగులో రెండు లైన్లు చాలు: ఏ ఊరు, ఎవరి చేతులు, ఏ రోజు నానిన బియ్యం. క్యూఆర్ కోడ్ పెడితే అది కంపెనీ వెబ్‌సైట్‌కు కాదు, సకినం చుట్టే 20 సెకన్ల వీడియోకు పోవాలె. ప్రింట్‌కు పంపేముందు ఆ అక్కకు చదివి వినిపించకండి, ఆమె చేతికిచ్చి ఆమెనే చదవమనండి.