తారుమారైన కథ

వంటగది ఆడవాళ్ళది, బయటి లోకం మగవాళ్ళది అన్నది ప్రకృతి నియమమా, మనుషులు పెట్టిన అలవాటా? బేగం రొకేయా ఈ ప్రశ్ననే ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథగా రాశారు. 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అది అచ్చయింది.

అందులో స్త్రీలు రాజ్యమేలుతారు, విశ్వవిద్యాలయాలు నడుపుతారు, ఎండ వేడిని పట్టి వంటకు వాడే విధానం కనిపెడతారు. మగవాళ్ళు పరదా చాటున పిల్లల్ని సాకుతూ వంట చేస్తారు.

చదివితే నవ్వొస్తుంది. మరి ఆడవాళ్ళు అలా ఉంటే ఎందుకు నవ్వు రాలేదు? పాత్రలను తారుమారు చేస్తే, అలవాటు చాటున దాగిన అన్యాయం బయటపడుతుంది.

రొకేయా కథతో ఆగలేదు. 1911లో కలకత్తాలో బాలికల పాఠశాల తెరిచారు.

‘చదివింది చాలు, పెళ్ళి చేసుకో’ అని చెల్లికి చెప్పే మాటను ఒకసారి అన్నకు చెప్పి చూడండి!