ఆంగ్ల జాతీయాలలో గాలి

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ‘విండ్’ అనే పదంతో ఏర్పడిన కొన్ని ఆంగ్ల జాతీయాల అర్థాన్ని వివరించగలుగుతారు.
• అవి ఏ జీవన సందర్భంలో పుట్టాయో గుర్తించగలుగుతారు.
• తెలుగు పలుకుబడులతో పోల్చి, వాటిని పొరపాటు లేకుండా వాడగలుగుతారు.

2. పరిచయం

మీరు కొత్తగా ఉద్యోగంలో చేరారనుకోండి. పై అధికారి పిలిచి, ‘యూ ఆర్ సెయిలింగ్ క్లోజ్ టు ద విండ్’ అన్నారు. మాటకు మాట పెట్టి తెలుగు చేసుకుంటే ‘గాలికి దగ్గరగా ఓడ నడుపుతున్నావు’ అని వస్తుంది. మన ‘గాలివాటం’ గుర్తుకొచ్చి, పరిస్థితిని బట్టి సర్దుకుపోతున్నానని మెచ్చుకున్నారేమో అనుకుంటారు. నిజానికి అది హెచ్చరిక. నిబంధనల అంచు మీద నడుస్తున్నారు, ఇంకొంచెం ముందుకు పోతే చిక్కుల్లో పడతారు అని దాని భావం.

జాతీయాన్ని పదాలుగా విడదీస్తే ఇలాంటి తికమకే మిగులుతుంది. దాని వెనుక ఉన్న దృశ్యాన్ని చూస్తే అర్థం దానంతట అదే తెలుస్తుంది. బ్రిటన్ ఒక ద్వీపం. ఆవిరి ఓడలు రాకముందు అక్కడి సముద్ర వర్తకం, నౌకాయుద్ధం తెరచాప ఓడల మీదే సాగాయి. అందుకే నావికుల మాటలు ఎన్నో ఒడ్డుకు చేరి, ఇంటి మాటలైపోయాయి.

3. ఓడ మీద పుట్టినవి

తెరచాప ఓడ గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు. గాలి వచ్చే దిక్కుకు కొంత ఏటవాలుగా మాత్రమే సాగగలదు. దారి కలిసివస్తుందని ఆ వాలును మరీ తగ్గిస్తే తెరచాప బిగువు కోల్పోయి పటపట కొట్టుకుంటుంది. వేగం పడిపోతుంది, ఓడ చుక్కానికి లొంగదు. పైన చెప్పిన హెచ్చరికలో ఉన్న దృశ్యం ఇదే. మన గాలివాటం గాలి వెంట పోవడం. ఇది గాలికి దాదాపు ఎదురు పోవడం.

‘టేక్ ద విండ్ అవుట్ ఆఫ్ సమ్‌వన్స్ సెయిల్స్’: గాలి వచ్చే వైపున మరో ఓడ అడ్డుగా వస్తే మన తెరచాపకు గాలి అందదు. గొప్పగా చెప్పబోతున్న విషయాన్ని ఇంకొకరు ముందే చెప్పేసి ఒకరి ఉత్సాహాన్ని నీరుగార్చడం దీని అర్థం. ‘గాలి తీసేశాడు’ అని మనమూ అంటాం. అయితే మన మాట వింటే బుడగ గుర్తుకొస్తుంది, వారి మాటలో ఉన్నది ఓడ.

‘త్రీ షీట్స్ టు ద విండ్’: ఇక్కడ షీట్ అంటే కాగితం కాదు, తెరచాప కూడా కాదు. తెరచాపను అదుపులో ఉంచే తాడు. మూడు తాళ్లు వదులై గాలికి కొట్టుకుంటే ఓడ తూలుతుంది. బాగా తాగి తూలే మనిషిని ఇలా అంటారు. ఇది చనువు మాట. దరఖాస్తుల్లో, అధికారిక లేఖల్లో వాడకూడదు.

4. ఒడ్డు మీద పుట్టినవి

‘గెట్ విండ్ ఆఫ్’: వేటగాడి వాసన గాలిలో తేలివస్తే జంతువు ముందే జాగ్రత్తపడుతుంది. రహస్యం ఎలాగో తెలిసిపోవడం దీని అర్థం. మన ‘పసిగట్టడం’ దీనికి తోబుట్టువు వంటిది. ‘పసి’ అంటే వాసనే. ఈ జాతీయంలో ‘విండ్’ ముందు ‘ద’ చేర్చకూడదు.

‘విండ్‌ఫాల్’: గాలికి రాలిన పండు. కోసే శ్రమ లేకుండా దొరికింది కనుక, అనుకోకుండా కలిసివచ్చిన లాభం అని అర్థం. 2022 జులైలో మన కేంద్ర ప్రభుత్వం దేశీయ ముడి చమురు ఉత్పత్తిపై పన్ను విధించినప్పుడు పత్రికలు దానిని ‘విండ్‌ఫాల్ పన్ను’ అన్నాయి. మన మామిడి రైతుకు మాత్రం గాలివానకు కాయ రాలడమంటే నష్టమే. కాబట్టి ‘గాలికి రాలిన పన్ను’ అని అనువదిస్తే పాఠకుడికి అర్థం తలకిందులవుతుంది.

‘సెకండ్ విండ్’, ‘లాంగ్ విండెడ్’: వీటిలో ‘విండ్’ అంటే ఊపిరి. మొదటిది అలసిన తరువాత మళ్ళీ పుంజుకున్న శక్తి. రెండవది విసుగు పుట్టేలా సాగదీసే మాట తీరు.

5. జాగ్రత్తలు

అదే అక్షరక్రమంతో ‘వైండ్’ అని పలికే క్రియ ఒకటుంది. దాని అర్థం చుట్టడం. సభను ‘వైండప్’ చేయడానికీ గాలికీ సంబంధం లేదు.

అలాగే తెలుగులోని ప్రతి ‘గాలి’ ఆంగ్లంలో ‘విండ్’ కాదు. గాలిమేడలకు అక్కడ ‘ఎయిర్’ వాడతారు. ‘పనిని గాలికి వదిలేశాడు’ అన్నప్పుడు ‘నెగ్లెక్ట్’ అనే క్రియ చాలు, గాలి ఊసే అక్కరలేదు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘సెయిలింగ్ క్లోజ్ టు ద విండ్’కూ ‘గాలివాటం’కూ భేదం ఏమిటి?
2. ‘త్రీ షీట్స్’లో షీట్ అంటే ఏమిటి?
3. మీకు తెలిసిన మూడు తెలుగు ‘గాలి’ జాతీయాలు రాసి, వాటి భావాన్ని ‘విండ్’ అనే పదం వాడకుండా ఆంగ్లంలో చెప్పండి.