ఎలుక గెలుపులోని గణితము

గుడి అరుగులమీద, రచ్చబండలమీద గీసిన పులిజూదపు గీతలను చూడని తెలుగువారు అరుదు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేక పులిని చంపలేదు. అయినా నేర్పరి చేతిలోని మేకలు పులులను కదలనీయకుండా కట్టివేస్తవి.

ఇటువంటి ప్రశ్ననే కొత్త రూపంలో ఈమధ్య గరికపాడు విద్యార్థి ఒకడు నా ముందు పెట్టినాడు. బంధువులెవరో ఇచ్చిన పాత ఆటయంత్రంలో అతడు పోకెమాన్ ఆడుతూ ఉంటాడు. "మాస్టారూ, ఆఖరి పోరులో అవతలివాడి జంతువులు దాదాపు అన్నీ అరవై లెవెలు దాటి ఉంటాయి. నేను నలభై దాటనివ్వకుండా, మధ్యలో ఒక్క మందూ వాడకుండా గెలిచాను. మావాడేమో అదంతా అదృష్టమంటున్నాడు. మీరే చెప్పండి" అన్నాడు. ఆట అని తోసివేయుటకు మనసొప్పలేదు. అదృష్టమా, తెలివా అనే తగవును లెక్కతో తీర్చవచ్చును గదా!

ఈ ఆట 1996 ఫిబ్రవరి 27న జపానులో వెలువడినది. దాని రూపకర్త సతోషి తాజిరి చిన్ననాట పురుగులను పట్టి పోగుచేయుటలో మునిగి తేలినవాడు. ఆ సరదాయే ఆటకు బీజం. మొదటి ఆటలో 151 కల్పిత జంతువులున్నవి. ఆటగాడు ఒకసారి ఆరింటిని వెంట ఉంచుకొనవచ్చును; ఒక్కొక్కదానికి నాలుగేసి విద్యలు. చివరకు నలుగురు ఉద్దండులను, ఆపైన విజేతయైన బ్లూ అనేవానిని, మధ్యలో వైద్యకేంద్రానికి తిరిగిపోకుండా వరుసగా ఓడించవలెను. బ్లూ చివరి జంతువు 65వ స్థాయిలో ఉంటుంది. ఓపికగా జంతువులను పెంచుకొంటూ పోతే ఎవరైనా గెలువవచ్చును. అందుచేతనే కొందరు తమకు తామే నిబంధనలు విధించుకొంటారు. వాటిలో పేరుమోసినది నజ్‌లాక్. 2010లో నిక్ ఫ్రాంకో గీసిన బొమ్మల కథవలన అది వ్యాపించినది. ఒక్కొక్క ప్రదేశంలో మొదట ఎదురైన జంతువునే పట్టవలెను. పోరులో సొమ్మసిల్లినది చచ్చినదానితో సమానం, దానిని మరల వాడరాదు.

ఇక దెబ్బ లెక్క చూతము. స్థాయిని 2తో గుణించి, 5తో భాగించి, 2 కలుపవలెను. దానిని విద్య యొక్క బలంతోను, కొట్టేవాని దాడిసంఖ్యతోను గుణించి, తినేవాని రక్షణసంఖ్యతోను, 50తోను భాగించి, మరల 2 కలుపవలెను. భిన్నాలను వదలివేయవలెను. 65వ స్థాయి జంతువుకు దాడి 130, ఎదుటిదానికి రక్షణ 130, విద్య బలం 80 అనుకొందాము. దెబ్బ 46 వస్తుంది. 40వ స్థాయి జంతువుకు దాడి 80 మాత్రమే అనుకొంటే, అదే విద్యతో అదే రక్షణమీద దెబ్బ 19. పోరు ఇక్కడితో ముగిసినట్లే కనిపిస్తుంది.

కాని ఇవి ఇంకను పూర్తి దెబ్బలు కావు. జంతువులకు, విద్యలకు జాతులున్నవి: నీరు, నిప్పు, గడ్డి, విద్యుత్తు మొదలైనవి. మొదటి ఆటలో ఇవి పదిహేను, ఇప్పుడు పద్దెనిమిది. జంతువు తన జాతి విద్యనే ప్రయోగిస్తే దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది. నిప్పుమీద నీరువలె ఎదుటి జాతికి విరుగుడైతే రెండు రెట్లు. ఎదుటి జంతువుకు రెండు జాతులుండి, రెండింటికీ అదే విరుగుడైతే నాలుగు రెట్లు. బ్లూ దండులోని రైడాన్ నేల, రాయి అను రెండు జాతులు కలిగినది. నీరు రెండింటికీ విరుగుడే. మన 19ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 28. నాలుగుతో హెచ్చిస్తే 112! 65వ స్థాయిది తన జాతి విద్యతో కొట్టినా 69 దాటదు. పాతిక స్థాయిల లోటును సరియైన ఎన్నిక ఒక్కటే పూడ్చి, పైగా మిగిల్చినది.

అయితే అదృష్టానికి చోటులేదా? ఉన్నది. నిప్పు విద్యలలో ఒకదాని బలం 120, కాని నూటికి 85 సార్లే తగులుతుంది. మరొకదాని బలం 95, నూటికి నూరు సార్లు తగులుతుంది. సగటు చూస్తే మొదటిది 102 కనుక అదే మేలు. ఓడితే మరల మొదలుపెట్టేవాడు దానినే ఎన్నుకొంటాడు. కాని వరుసగా మూడుసార్లు తగిలే సంభావ్యత 0.85 × 0.85 × 0.85, అనగా సుమారు 0.61 మాత్రమే. ఒక్క జంతువును కూడ పోగొట్టుకొనరాదనే నిబంధన ఉన్నవాడు సగటును కాక కనిష్ఠాన్ని చూస్తాడు. మా మెట్టప్రాంతపు రైతు పత్తిలో కంది సాళ్లు వేయుటలోను ఈ లెక్కే ఉన్నది. (మొదటి ఆటలో ఆ "నూటికి నూరు" కూడ పూర్తిగా నిజం కాదు. యంత్రం 0 నుండి 255 వరకు ఒక సంఖ్యను తీసి, అది 255 కంటె తక్కువా అని చూస్తుంది. కనుక 256 సార్లలో ఒకసారి తప్పుతుంది. "కంటె తక్కువ" అన్నచోట "తక్కువ లేక సమానం" అని ఉంటే ఈ లోపం వచ్చేది కాదు. అసమానతలు బోధించే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.)

ఈ దారిలో తుదివరకు పోతే ఒక విచిత్రం ఎదురవుతుంది. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటలలో, అప్పుడే గ్రుడ్డునుండి వెలువడిన ఒకటవ స్థాయి రటాటా అనే ఎలుక, నూరవ స్థాయి జంతువును కూల్చగలదు. ఎలుక ప్రాణసంఖ్య సుమారు 11. ఎదుటిది నాలుగువందలు దాటి ఉండవచ్చును. ఎలుక నడుముకు ఒక పట్టీ ఉంటుంది: నిండు ప్రాణంతో ఉన్నప్పుడు ఎంత పెద్ద దెబ్బ తగిలినా, 1 మిగులుతుంది. దెబ్బ తిన్న ఎలుక "ఎండెవర్" అనే విద్యను ప్రయోగిస్తుంది. అది ఎదుటిదాని ప్రాణాన్ని తన ప్రాణంతో సమానం చేస్తుంది. నాలుగువందలు కాస్తా 1 అవుతుంది. తరువాతి వంతులో వేగపు విద్య. దీనికి సాధారణంగా మొదటి అవకాశం లభిస్తుంది. ఎలుక దెబ్బ ఎంత అల్పమైనా 1కి తగ్గదు. అంతే, ఏనుగువంటిది కూలిపోతుంది. ఈ మూడు మెట్లలో స్థాయి అన్న రాశికి ఎక్కడా ప్రవేశం లేదు, రహస్యమంతా అదే.

ఈ ఉపాయం విఫలమయ్యే చోట్లు కూడ ఉన్నవి. ఎదుటిది దయ్యపు జాతిదైతే ఎలుక విద్యలు రెండింటికీ ఫలితం సున్న. ఇసుకతుఫాను వీస్తుంటే, మిగిలిన ఆ ఒక్క ప్రాణం వంతు చివర పోతుంది. ఒకే వంతులో రెండుసార్లు కొట్టే విద్య తగిలితే, పట్టీ మొదటి దెబ్బనే ఆపుతుంది, రెండవదానిని ఆపలేదు.

ఈ లెక్కలన్నీ నల్లబల్లమీద వేసి చూపినప్పుడు మా గరికపాడు విద్యార్థి మిత్రుడు కూడ ప్రక్కనే ఉన్నాడు. కొంతసేపు తలగోకుకొని, "అయితే ముప్పయ్యో లెవెలుతో కూడా రైడాన్ పడుతుందా మాస్టారూ?" అన్నాడు. దాడిసంఖ్య 60 అనుకొని లెక్క వేయుమని సుద్దముక్క అతనికే ఇచ్చినాను. 72 వచ్చినది.