డ్రాగ్ రేస్: మొదటి 60 అడుగుల్లోనే అసలు కథ.. క్లచ్ ఎలా వదలాలి?

డ్రాగ్ రేస్ అంటే పావు మైలు.. దాదాపు 402 మీటర్లు. కానీ అమెరికా స్ట్రిప్‌లలో రేసర్లు టైమ్ స్లిప్‌లో ముందు చూసేది మొదటి 60 అడుగుల టైమే. అక్కడ పదో వంతు సెకను తగ్గితే చివర్లో అంతకంటే ఎక్కువే కలిసొస్తుంది.

మస్టాంగ్ జీటీ లాంటి గేర్ల కారులో ఆర్పీఎం బాగా పెంచి క్లచ్ టక్కున వదిలేస్తే వెనక టైర్లు అక్కడే తిరుగుతాయి. పొగ తప్ప పరుగుండదు! మరీ తక్కువైతే ఇంజిన్ గొంతు పట్టేసినట్టవుతుంది. అందుకే రన్‌కి కొన్ని వందల ఆర్పీఎం మాత్రమే మార్చి చూడాలి, మిగతావేవీ ముట్టుకోవద్దు.

హార్స్‌పవర్ మీద డబ్బులు పోసేకంటే ముందు డ్రాగ్ రేడియల్ టైర్లు వేయించడం మేలు. వాటిలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. అయితే టైరు జారకపోతే ఆ దెబ్బంతా క్లచ్, యాక్సిల్ మీదే పడుతుంది. సాయంత్రం అదే కారులో ఇంటికెళ్లాలి మరి.. గాలి మళ్లీ నింపుకొని!