గ్రంథాలయమున దర్శన విచారము

బాల్యముననే తర్కసంగ్రహమును వల్లించినవాఁడను గాన దర్శనములన్నియు నాకుఁ దెలియుననియే చిరకాలము భ్రమించితిని. చార్వాకమతమనఁగాఁ దినుట, త్రాగుటయే యని పిల్లలకు బోధించితిని. నాకు దానికాధారము మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహములోని తొలి ప్రకరణ మొక్కటియే. ఆయన వేదాంతి, అది ప్రతివాది చెప్పిన మాట.

“ఆ మతమువారి గ్రంథమేది, పంతులుగారూ?” అని యొక శిష్యుఁడడుగఁగా నాకు నోట మాట రాలేదు.

ఉద్యోగవిరమణానంతరము కేసముద్రమున రైలెక్కి వరంగల్లు మీఁదుగా హనుమకొండ చేరి, 1904లో స్థాపితమైన రాజరాజనరేంద్ర భాషానిలయమునఁ గూర్చుండుట నాకలవాటైనది. పుస్తకము తెఱచినంతనే పీఠికను, కడపటి పదసూచికను జూడుఁడు. పూర్వపక్షమెవరిదో గుఱుతించి వారి మూలమును వెదకుఁడు. డ్యూయీ పద్ధతి ననుసరించు గ్రంథాలయములలో భారతీయదర్శనములు 181.4 క్రిందను, ఉపనిషత్తులు 294.5 క్రిందను నుండును. మన పూర్వులు మతమును, దర్శనమును నిట్లు విడఁదీయలేదు. కావున రెండు బీరువాలును గాలింపవలయును.

ఇట్లు వెదకఁగా జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహము జాడ తెలిసినది. అది 1940లో బరోడా గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలయం దచ్చుపడినది. అందు భోగముల ప్రసంగము గాదు, ప్రమాణములనెల్లఁ ద్రోసిపుచ్చు కఠినతర్కము. ప్రత్యక్షమును సైతము విడువలేదు. అది లోకాయతమేనా యని పండితు లింకను వాదించుచునే యున్నారు. ఈ సంగతినంతయు నా శిష్యునకు జాబు వ్రాసితిని.