దాల్మా ఖాళీ అయిందని ఎవరు చెప్పారు?

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, జంషెడ్‌పూర్‌లో ఒక మాట ఫోను నుంచి ఫోనుకు పాకుతుంది: ఊరి పక్కనున్న దాల్మా కొండ ఏనుగులు బెంగాల్ వెళ్ళిపోయాయి, కొండ ఖాళీ, హాయిగా టెంటు వేసుకుని ఒక రాత్రి గడిపి రావచ్చు. ఈ ఊరి కద్మా, సోనారి పేటల్లో పెరిగిన మన తెలుగు కుర్రాళ్ళు కూడా దీన్ని పంచాంగంలోని ముహూర్తంలా నమ్మి భుజాన సంచి తగిలిస్తున్నారు. శరత్కాలంలో కొండమీద ఒక రాత్రి గడపాలన్న కోరికను తప్పుపట్టేదేమీ లేదు. ఆ కోరికను ఈ మాట మీద నిలబెట్టడమే ప్రమాదం. పచ్చి అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేయొచ్చు. ఇది సగం నిజం, అందుకే ఇన్నేళ్ళుగా బతుకుతోంది.

నిజమైన సగం ఇది. 1980ల చివరి నుంచి దాల్మా గుంపులు వానాకాలం వెనకబడే వేళకు తూర్పున పురూలియా, బాంకుడా, పశ్చిమ మేదినీపూర్ వైపు నడుస్తున్నాయి, పంట కాలం గడిచాక తిరిగొస్తున్నాయి. కానీ అలా కదిలేది ప్రధానంగా ఆడ ఏనుగులు, పిల్లలు ఉన్న గుంపు. ఈడొచ్చిన మగ ఏనుగు గుంపును వదిలి ఒంటరిగానో, మరో ఒకటి రెండు మగవాటితోనో తిరుగుతుంది. గుంపు వెళ్ళిన రోజే అదీ వెళ్ళాలన్న నియమం లేదు. మనిషికి ఎదురుపడితే ఎక్కువ భయపడాల్సింది ఈ ఒంటరి ఏనుగుకే, అందులోనూ మదం మీద ఉంటే మరీను. పైగా ‘వెళ్ళిపోయాయి’ అన్న మాటలో రైలెక్కి దిగినంత ధీమా వినిపిస్తుంది. ఏనుగులు బయల్దేరేది వరి కోసం. దాల్మా చుట్టుపక్కల వరి కంకి పట్టి పండేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. పగలు అడవి నీడలో ఉండి, పొద్దు వాలాక పొలాల్లోకి దిగి, తెల్లవారేలోపు మళ్ళీ చెట్లలోకి చేరడం వాటి అలవాటు. అంటే మనం కొండ ఖాళీ అనుకునే ఆ రోజుల్లోనే కొండకూ పొలానికీ మధ్య రాకపోకలు జోరుగా సాగుతుంటాయి. కొండెక్కే కాలిబాటలు మొదలయ్యేది అడవీ పొలమూ కలిసే ఆ అంచు నుంచే. ఏనుగుల బెడద ఎరిగిన పార్వతీపురం మన్యం వైపు చుట్టాలున్నవాళ్ళు ఒక ఫోను చేసి అడిగితే చాలు, ఏనుగు ఏ పూట ఎక్కడుంటుందో ఏ రైతయినా చెబుతాడు.

ఇక పొద్దు సంగతి. జంషెడ్‌పూర్ మన దేశ ప్రామాణిక కాలరేఖకు తూర్పున ఉంది. అక్టోబరు మధ్యలో ఇక్కడ సూర్యుడు సాయంత్రం సుమారు 5:20కి, నవంబరు మధ్యలో 5 దాటిన కాసేపటికే అస్తమిస్తాడు. హైదరాబాదుతో పోలిస్తే అరగంటకు పైగా ముందు. ‘ఆరింటిదాకా వెలుతురుంటుందిగా’ అని మూడింటికి నడక మొదలుపెట్టినవాళ్ళు అడవిలో చీకటికి చిక్కుతారు. ఆ చీకటి ఏనుగుల పనివేళ.

‘నెగడు వేసుకుంటే ఏ జంతువూ దగ్గరికి రాదు’ అనేది దీనికి తోడు పుట్టిన ధైర్యం. పులుల కథలు చదివి పెరిగిన నగరవాసికి నిప్పంటే రక్షణకవచం. ఈ ప్రాంతపు ఏనుగులకు మాత్రం నిప్పు కొత్త కాదు. బెంగాల్లో, ఝార్ఖండ్‌లో దివిటీలు, టపాసులతో వాటిని తరమడం దశాబ్దాలుగా సాగింది. ఆ పద్ధతిలోని క్రూరత్వం 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలా తరిమించుకున్న జంతువుకు మంట కనిపిస్తే పారిపోతుందో, మీదికొస్తుందో మీరు పందెం కాయగలరా? మంట మీద అన్నం, బెల్లం వాసన పిలుపు అదనం. ఇంతకీ అభయారణ్యంలో దానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది. అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడం, ఉండిపోవడం కూడా అదే చట్టం ప్రకారం నేరం. దాల్మా 1976 నుంచి అభయారణ్యం. అక్కడ ‘ఎవరూ చూడని చోట’ టెంటు వేయడం సాహసమేమీ కాదు, చొరబాటు.

‘ఎవరెస్టు ఎక్కినవాళ్ళ ఊరు మనది, మూడు వేల అడుగుల గుట్ట ఏపాటి?’ అని కొందరు మీసం తిప్పుతారు. బచేంద్రీ పాల్ 1984లో ఎవరెస్టు ఎక్కారు, ఇక్కడే ఎందరికో శిక్షణ ఇచ్చారు. ఈ ఊరి గృహిణి ప్రేమలతా అగర్వాల్ 2011లో 48వ ఏట ఆ శిఖరం చేరారు. నిజమే, గర్వించాల్సిందే. అయితే ఎవరెస్టు మీద ఏనుగులు లేవు. పైగా వాళ్ళు నేర్పేది ముందు అనుమతి, తర్వాత సన్నాహం, ఆ తర్వాతే నడక. ‘మా ముందువాళ్ళు పదిమంది వెళ్ళొచ్చారు, ఏమీ కాలేదు’ అన్నది ఇంకో వాదన. ఏమీ కానివాళ్ళే తిరిగొచ్చి కబుర్లు చెబుతారు, దాన్ని లెక్కగా తీసుకోలేం. అడవిలో ఎవరు తిరుగుతున్నారో మన సెలవుల జాబితా చూసి తేలదు. 2024 డిసెంబరులో ఒడిశాలోని సిమ్లిపాల్ నుంచి బయల్దేరిన జీనత్ అనే ఆడపులి ఝార్ఖండ్‌లోని చాకులియా మీదుగా బెంగాల్ చేరి, నెలాఖరున బాంకుడాలో పట్టుబడింది.

చిల్లర నమ్మకాలకు తలా ఒక ముక్క చాలు. టెంటు చుట్టూ ఉప్పు, వెల్లుల్లి చల్లితే పాము ఆగదు, కటిక నేల మీద పడుకున్నవాడికి కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. ఊట నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన తాగడానికి పనికిరావు. మందు పుచ్చుకుంటే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, నిజానికి వేడి బయటికి పోతుంది. కొండ మీద దోమలుండవన్నది వానలు వెనకబడ్డాక ఝార్ఖండ్ మలేరియా సంగతి ఎరగనివాళ్ళ మాట.

ఒక్క మాట దగ్గర మాత్రం ఒక మెట్టు దిగాలి. ‘కార్తీకం రానీ, అప్పుడు వెళ్దువుగాని’ అనే ఇంట్లో పెద్దల మాటను చాదస్తమని నవ్వుకుంటాం. వాళ్ళు చెప్పే కారణం ఏదైనా, లెక్క మటుకు కుదిరింది. నైరుతి ఇక్కడి నుంచి వెనుదిరిగేది దాదాపు అక్టోబరు మధ్యకి. బంగాళాఖాతం తుపాన్ల మాట శ్రీకాకుళం మూలాలున్నవాళ్ళకి వేరే చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటింది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర దాటిన ఫైలిన్ ఝార్ఖండ్, బిహార్ దాకా వానలు మోసుకెళ్ళింది. కాబట్టి వానల లెక్కన నవంబరే మేలు. పగలే వనభోజనం ముగించి పొద్దుండగా ఇల్లు చేరే మన ఆనవాయితీలోనూ తెలివి లేకపోలేదు.

అయినా రాత్రి ఉండాల్సిందే అంటారా, దానికి దారి ఉంది. మకులాకోచాలోనూ, కొండ మీద పిండ్రాబేరాలోనూ అటవీశాఖ బసలున్నాయి. బయల్దేరే ముందే బుక్ చేసుకుని, ప్రవేశ అనుమతి తీసుకుని, గేటు దగ్గర సిబ్బందిని ఆ వారం ఏనుగులు ఎటున్నాయో అడగండి. వాళ్ళు వద్దంటే వెనక్కి తిరగండి, కొండ దిగువన ఉన్న డిమ్నా సరస్సు ఎక్కడికీ పోదు. నడక పొద్దున్నే మొదలుపెట్టి మూడింటికల్లా బస చేరేలా చూసుకోండి. కొండ కొస దగ్గర ఊరికన్నా నాలుగైదు డిగ్రీలు చలి ఎక్కువ, ఒక స్వెట్టరు, పొడి సాక్సులు, దోమతెర, టార్చి, తలకు మూడు లీటర్ల నీళ్ళు సంచిలో పడాలి. స్పీకరు ఇంట్లో వదిలేయండి. దారిలో తాజా లద్దె, విరిగిన కొమ్మలు కనిపిస్తే ఫొటో కోసం ఆగకుండా, చప్పుడు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి రండి.