నిలిచిన చక్రము

ఉప్పల్ కూడలినుండి తూర్పుగా సాగు రాజమార్గము వరంగల్లునకు పోవును. ఆ మార్గమును విడిచి ఉత్తరపు దిక్కునకు మరలినవారికి కొలదిసేపటిలోనే నాచారము వచ్చును. ఒకప్పుడు నగరమునకు వెలుపలి పల్లెలైన ఈ రెండును నేడు నగరములో కలిసిపోయినవి. 2017 నుండి ఉప్పల్‌లో మనుష్యుల తలలపైగా మెట్రో రైలు పరుగెత్తుచున్నది. కాని పారిశ్రామిక వాడల సందులలో అడుగిడినవారికి వినవచ్చునది వేరొక ధ్వని. రేకుల కప్పు క్రింద తిరుగు లేతు యంత్రపు సన్నని రొద, ఇనుమును ఆకురాయి ఒరయు చప్పుడు, ఎక్కడనో సమ్మెటపోటు. ఇచ్చటి పనివారి చేతులకు నూనె మరక వదలదు. కన్నులకు మాత్రము వెంట్రుకవాసి తేడాను పట్టు నేర్పు అలవడియుండును.

ఇట్టి సందులోనికి అప్పుడప్పుడొక వింత రోగి వచ్చును. తన చక్రములపై రాదు. లారీ నెక్కి వచ్చును. ముప్పది నలువది యేండ్లు ఏ ఇంటి వెనుకనో, ఏ పాత కొట్టములోనో టార్పాలిను కప్పుకొని నిద్రించిన స్పోర్ట్సు కారు అది. తండ్రి నడిపిన బండి. కుమారుడు బాల్యమున దాని ప్రక్కసీటులో కూర్చుండి ఎదురుగాలికి కన్నులు మూసికొన్న బండి. తండ్రి గతించిన పిమ్మట కొట్టపు తలుపు మూతపడెను. పాత ఇనుము కొనువాడు వచ్చి తూకమునకు ధర చెప్పిపోవును, అమ్ముటకు మనసొప్పదు. కడకు నాచారము తెచ్చి దింపించి, యజమాని అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇది మళ్లీ నడుస్తుందా?"

ప్రశ్న చిన్నది. దానికి సమాధానము చెప్పవలెనన్న, అసలు ఆ బండికి ఏమి జరిగినదో ముందు తెలియవలెను.

మోటారు పనిలో పండిన పెద్ద మిస్త్రీని హైదరాబాదులో ఉస్తాదందురు. ఉస్తాదుల అనుభవమునంతటిని ఒక్క మాటలో చెప్పవలెనన్న ఇట్లుండును: "నడ్సిన బండి ఖరాబ్ గాదు సారు, నిల్సిన బండి ఖరాబైతది." వినుటకు చమత్కారముగా నున్నను ఇందులో శాస్త్రము కలదు. యంత్రమునకు నూనె రక్తము వంటిది. ఇంజను తిరిగినంతకాలము ఆ నూనె ప్రతి సందునకును ప్రాకి, లోహమునకును లోహమునకును నడుమ పలుచని పొరయై నిలుచును. తిరుగుట మానిన నాటినుండి మెల్లగా క్రిందికి జారిపోవును. సిలిండరు గోడలకు రక్షణ తొలగును. వానకాలపు తేమ లోనికి చేరి త్రుప్పు పుట్టించును. పిస్టనుకు చుట్టిన రింగులు గోడకు అంటుకొనిపోవును. ట్యాంకులోని పెట్రోలులో ఆవిరి కాగలది ఆవిరి కాగా, మిగిలినది జిగురుగా మారి కార్బురేటరులోని సూదిబెజ్జముల వంటి రంధ్రములను మూసివేయును. బ్రేకు గొట్టముల రబ్బరు బిరుసెక్కి పగులును. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొని తానున్న చోటనే లోహమును తినివేయును. తీగెలకు చుట్టిన గుడ్డ ఎలుకల పాలగును. లోపల కట్టెచట్రము గల బండియైనచో చెదలు కూడ ప్రవేశించును. ఇంత వినాశమును పైరంగు క్రింద సద్దుచేయక జరుగును.

ఇట్లు నిలిచిపోయిన బండ్లకు భాగ్యనగరములో నొక రాజోదాహరణము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911 లో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థకు ఒక సిల్వర్ ఘోస్ట్ కారు పురమాయించెను. పసుపు వన్నె దేహము, వెనుకభాగమున ఎత్తుగా సింహాసనము వంటి ఆసనము, వెండి అలంకారములు. ఆ కారు వచ్చునంతలో ఆయన లేడు. ఆ యేడాది ఆగస్టులోనే మరణించెను. కారు కుమారుడైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో నగరము చేరినది. అది తన జీవితమున నడచినది 356 మైళ్లని చెప్పుదురు. అనగా హైదరాబాదునుండి విశాఖపట్టణము చేరుటకైనను చాలని దూరము. ఉస్మాన్ అలీ ఖాన్ 1967 లో కాలము చేయునాటికి ఆయన గ్యారేజిలో అరువది కార్లుండగా నాలుగు మాత్రమే నడచు స్థితిలో నుండెనని ఆయన వారసుని జీవితచరిత్ర వ్రాసిన ఆస్ట్రేలియా రచయిత తెలిపెను. ధనము లేక అవి నిలిచినవా? కాదు. నడపువాడు లేక నిలిచినవి. సింహాసనపు కారు మాత్రము నేడు చౌమహల్లా ప్రాసాదమున సందర్శకులకు కనువిందు చేయుచున్నది.

రాజుగారి బండికి ప్రాసాదము దొరికినది. సామాన్య గృహస్థుని బండికి నాచారపు రేకుల షెడ్డే ప్రాసాదము. రోగము మాత్రము ఇద్దరికిని ఒక్కటే.

పాత స్పోర్ట్సు కార్లలో లోకమెరిగినది ఎం.జి. సంస్థ వారి టి.సి. అను రకము. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ పట్టణమున 1945 మొదలు 1949 వరకు సుమారు 10,000 బండ్లు తయారైనవి. స్టీరింగు కుడిప్రక్కనే యుండుటచే మన దారులకు సరిపోవును. ఇంజను 1,250 సీసీలది. బలము 54 గుఱ్ఱములు. నేటి చిన్నకార్లకే అంతకన్న హెచ్చు బలము కలదు. కాని తేలిక దేహము, నేలనంటిన కూర్పు, తీగెల ఊచలతో 19 అంగుళముల సన్నని చక్రములు, కప్పు మడిచిన పిమ్మట తలపై ఆకాశము: వీనివలన నడపువానికి వేగముకన్న వేగానుభూతి మిక్కుటముగా కలుగును. దాని దేహము చట్రము ఉక్కుది గాదు. యాష్ అను సీమకట్టెపై రేకు తొడిగినది. కావున దానిని బాగుచేయుటకు కమ్మరియే గాక వడ్రంగియు కావలెను.

ఇట్టి బండ్లకు విడిభాగములు మన దేశమున ఏనాడును సులభముగా దొరకలేదు. స్వాతంత్ర్యానంతరము దేశీయ పరిశ్రమ నిలద్రొక్కుకొనుటకై దిగుమతులపై కట్టుబాట్లు వచ్చినవి. ఇచ్చట కార్లను కూర్చి అమ్ముచుండిన జనరల్ మోటార్స్, ఫోర్డు సంస్థలు 1954 నాటికి వైదొలగినవి. నాటినుండి విదేశపు బండిగలవానికి మిగిలినవి రెండే దారులు: బండిని మూలపెట్టుట, లేక కావలసిన భాగమును లేతుపై చేయించుకొనుట. మొదటి దారి పట్టిన బండ్లే నేడు కొట్టములనుండి వెలువడుచున్నవి. రెండవ దారి తెలిసినవారి విద్యయే నేడు వానిని బ్రతికించుచున్నది.

ఆ విద్యలో మొదటి పాఠము ఓరిమి. లారీనుండి దించగానే బ్యాటరీ తగిలించి స్టార్టు చేయ జూచుట కొంప ముంచు పని. అంటుకొన్న రింగు విరుగును. విరిగిన ముక్క సిలిండరు గోడను గీరును. నలువది యేండ్లు చేయలేని చేటు నలువది క్షణములలో జరుగును. కావున ముందు స్పార్కు ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె పోసి, నాలుగు దినములో పది దినములో వదలివేయుదురు. పిమ్మట ఇంజనును చేతితోనే మెల్లగా కదల్చి చూతురు. వ్రేలెడు మేర కదలినను ఆ దినమునకు పండుగయే. కదలనిచో మరల నూనె, మరల నిరీక్షణము. అప్పటికిని లొంగనిచో ఇంజనును పూర్తిగా విప్పవలెను. బ్రేకుల పని ఇంజనుకన్న ముందే ముగించువాడు వివేకి. నడచుటకు ముందు ఆగుట నేర్వవలెను గదా!

విప్పుట సులభము, విప్పినదానిని మరల కూర్చుటలోనే యున్నది కష్టము. అందుచే ప్రతి భాగమునకును చీటికట్టి, ఏ బోల్టు ఏ రంధ్రమునుండి వచ్చినదో గుర్తు వ్రాసి, బొమ్మ తీసి పెట్టుదురు. ఉప్పల్ మీదుగా పోవు వరంగల్లు దారి చివర, హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపమును 2006 లో విప్పి, రాళ్లను గుర్తులతో భద్రపరచి, మరల నిలిపి 2024 లో తెరచిరి. రాతికైనను ఇనుముకైనను జీర్ణోద్ధరణ నియమమొక్కటే: ఎచ్చటి దచ్చటనే నిలుపవలెను.

ఈ నియమమును తప్పిన ఏమగునో టి.సి. ఇంజను బోల్టే చెప్పును. దాని తల ఆంగ్లేయుల విట్‌వర్తు కొలత. మర మాత్రము మిల్లీమీటరు కొలత. ఒకే బోల్టులో రెండు దేశములు! దీని వెనుక నొక కథ కలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సుకు చెందిన హాచ్‌కిస్ సంస్థ ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయుధ కర్మాగారము పెట్టినది. యుద్ధానంతరము అది మోరిస్ కార్లకు ఇంజనులు చేసెను. 1923 లో మోరిస్ దానిని కొనెను. అచ్చటి ఫ్రెంచి యంత్రములు మిల్లీమీటరు మరలనే కోయును. ఆంగ్ల పనివాని పానాకు పట్టవలెనని బోల్టు తలలను మాత్రము విట్‌వర్తు కొలతకు చేసిరి. ఆ వంశపు ఇంజనే టి.సి.కి సంక్రమించెను. అందలి 8 మిల్లీమీటరుల బోల్టుకు మరకు మరకు నడుమ దూరము 1 మిల్లీమీటరు. నేడు బజారులో సాధారణముగా దొరకు అదే లావు బోల్టుకు 1.25. కొత్తది పాత రంధ్రములో రెండు చుట్లు తిరిగి బిగిసికొనును. తెలియనివాడు పొడుగు పానా తగిలించి బలము చూపును. బోల్టు ఎక్కును, పాత మర చచ్చును. తెలిసినవాడు వ్రేళ్లతో తిప్పి, అడ్డుతగిలినచోట ఆగి, పాత బోల్టును లేతువానికి చూపి దాని జోడు కోయించును. ఆ ఆగుటలోనే విద్య యంతయు నున్నది.

ఆశ్చర్యమేమనగా, ఆంగ్లేయుల స్పోర్ట్సు కారు గుండెచప్పుడు మన ఉస్తాదులకు పరాయిది కాదు. చిరకాలము మన దారుల నేలిన అంబాసిడరు కారులోని 1,489 సీసీల పెట్రోలు ఇంజనును, 1955 లో వచ్చిన ఎం.జి.ఏ. అను స్పోర్ట్సు కారు ఇంజనును ఒకే కుదురు నుండి పుట్టిన అన్నదమ్ములు. ప్రభుత్వాఫీసుల తెల్లకారును జీవితమంతయు సవరించినవాడు తనకు తెలియకయే స్పోర్ట్సు కారు వైద్యము నేర్చెను. ఎస్.యు. కార్బురేటరు రెంటికిని ఒక్కటే. జంట కార్బురేటర్లు సమముగా గాలి పీల్చుచున్నవో లేదో రబ్బరు గొట్టమును చెవికానించి విని చెప్పగలవారు నేటికిని కలరు. కాని అంబాసిడరు తయారీ 2014 లో నిలిచిపోయినది. నేటి బండిలో గాలికిని పెట్రోలుకును పాలు కుదుర్చునది కంప్యూటరు. ఇక ఆ చెవి ఎవరికి కావలెను? కుఱ్ఱవాడు ఆ పని యేల నేర్వవలెను? బండి తుప్పు కంటికి కనబడును; విద్యకు పట్టు తుప్పు కనబడదు.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. చెడినదంతయు తీసివేసి కొత్తది పెట్టుకొనుచు పోయిన, కడకు మిగులునది తండ్రి బండియా, దాని ప్రతిమయా? తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుడు శిథిలమైనచోట చుక్కలు పెట్టునే గాని తన పద్యము చేర్చడు. మంచి ఉస్తాదుదియు అదే ధర్మము. అతుకవలసినది అతుకును, మార్చక తప్పనిది మార్చును, చేయి ఆడి ఆడి నునుపెక్కిన స్టీరింగును మాత్రము తుడిచి ఊరకుండును. చట్టమును ఈ వివేకమునే కోరుచున్నది. 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన స్వంతబండి, చట్రము, దేహము, ఇంజను మూలరూపములో నున్నచో వింటేజి బండిగా నమోదగును. నంబరులో వి.ఏ. అను అక్షరములు వచ్చును. రుసుము 20,000 రూపాయలు. గడువు 10 ఏండ్లు. తిరిగి నమోదునకు 5,000. ప్రదర్శనలకును, ర్యాలీలకును, మరమ్మతులకును దారికెక్కవచ్చును; నిత్యవ్యవహారమునకు గాని కిరాయికి గాని నడుపరాదు.

నెలలు గడచును, ఒక్కొక్కప్పుడు ఏండ్లే గడచును. ఒక ఉదయమున షెడ్డులో ఇంజను దగ్గును, పొగ చిమ్మును, ఆగును. మరల దగ్గి, ఈసారి నిలద్రొక్కుకొనును. లేతువాడు తన యంత్రమాపి వచ్చి చూచును. యజమాని ఏమియు మాటాడడు. ఆ శబ్దము ఆయన బాల్యమున విన్నది. ఉస్తాదు కార్బురేటరు మరను పావుచుట్టు తిప్పి, చెవియొగ్గి, తలయూపును. ప్రక్కనున్న కుఱ్ఱవానిని పిలిచి వాని చెవికిని ఆ గొట్టము నానించును.

బండి నప్పగించునప్పుడు ఉస్తాదు చెప్పు జాగ్రత్త ఒక్కటే యుండును: "కప్పి పెట్టకుండ్రి సారు. వారానికొక్కపారన్న తిప్పుండ్రి."